దాచిన నొప్పి

ఆటతో కాలేజీ సీటు, సీటుతో చదువు, చదువుతో కొలువు... పాతబస్తీ పిల్లలకు ఫుట్‌బాల్ చూపించే దారి ఇది. ఆ దారి మధ్యలో మోకాలు దెబ్బతింటే 'ఆడొచ్చు' అని ఎవరు చెప్పాలి? 'ఆడొద్దు' అంటే ఆ సీటు ఏమవ్వాలి? ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పుట్టిన హైదరాబాద్‌లో ఈ రెండు ప్రశ్నలూ ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి.

కార్వాన్ అంటే బిడారు. గోల్కొండకు సరుకుతో వచ్చిన వర్తకులు విడిది చేసిన చోటు కాబట్టే ఈ పేటకు ఆ పేరు నిలిచింది. ఒకవైపు 1578లో మూసీ మీద కట్టిన పురానాపూల్, ఇంకోవైపు కోటకు పోయే బాట, నడుమ 1671 నాటి తోలి మసీదు. వజ్రాలు, బట్టలు, సుగంధ ద్రవ్యాలు ఈ బాట మీదుగానే నడిచాయి. బిడారు నడిపేవాడికి ఒక సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. కుంటుతున్న ఎద్దు మీద బరువు వేయకూడదు. ఆపితే ఒక మజిలీ ఆలస్యమవుతుంది. ఆపకుండా తోలితే ఎద్దే చేజారుతుంది.

అదే పేటలో ఇవాళ బంతి తన్నుతున్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి మనం ఆ పాటి లెక్క మరిచిపోయాం.

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. పేరు పెట్టడం లేదు, ఎందుకంటే ఇలాంటి పిల్లలు ప్రతి మైదానంలోనూ ఉన్నారు. ఇంటర్ రెండో ఏడు. తండ్రి జియాగూడ మార్కెట్‌లో హమాలీ. తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది. కుర్రాడి ఎడమకాలు మంచి వాటం. స్కూలు జట్టు నుంచి జిల్లా జట్టుకు, అక్కడి నుంచి రాష్ట్ర జట్టుకు ఎదిగాడు. డిగ్రీలో చేరితే ఫీజు తీసుకోం, హాస్టల్ ఇస్తాం అని ఒక కాలేజీ మాటిచ్చింది. వచ్చే నెలలో సెలక్షన్. గత వారం హెడర్ కోసం ఎగిరి దిగుతుంటే మోకాల్లో 'టప్'మని చప్పుడైంది. రాత్రికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. పొద్దున జట్టులో పెద్దోడు అడిగాడు.

"ఏమైందిరా, కుంటుతున్నవ్?"

"ఏం గాలేదన్నా. జర బెణికింది. పట్టీ కట్టుకుంటే ఆడ్త."

ఈ కథనం ఆ ఒక్క జవాబు గురించే. ఆ కుర్రాడు ఎందుకు అబద్ధమాడాడు? నొప్పి తెలియక కాదు. నొప్పి ఉందని చెబితే ఏం పోతుందో తెలుసు కాబట్టి.

రెండు కాగితాలు

స్పోర్ట్స్ కోటా అనగానే ఆటకు దక్కే గౌరవం అనుకుంటాం. దగ్గరికెళ్లి చూస్తే అది రెండు కాగితాల చుట్టూ తిరుగుతుంది. ఒకటి, ఫలానా పోటీలో ఫలానా జట్టు తరఫున ఆడాడని ఇచ్చే సర్టిఫికెట్. రెండోది, ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్.

మొదటి కాగితం విలువ ఏ ఇంటికైనా తెలుసు. తెలంగాణలో వృత్తివిద్యా కోర్సుల్లో క్రీడాకారులకు అర శాతం సీట్లున్నాయి. ప్రభుత్వోద్యోగాల్లో 2 శాతం కోటా ఉంది. రైల్వే, పోలీసు శాఖల క్రీడా నియామకాలు వేరు. అన్నిచోట్లా అడిగేది సర్టిఫికెట్ స్థాయినే: స్కూలా, యూనివర్సిటీయా, జాతీయమా, అంతర్జాతీయమా? ఉద్యోగ ప్రకటనల్లో ఇటీవలి ఏళ్ల ఫలితాలకే విలువ. ఎప్పుడో సాధించిన పతకాన్ని పక్కన పెట్టేస్తారు. కాబట్టి గాయంతో ఒక్క టోర్నమెంటుకు దూరమైతే ఆ ఏటి సర్టిఫికెట్ పోయినట్టే. సర్టిఫికెట్ పోతే సీటు వరసలో వెనక్కి వెళ్లినట్టే. 'గాయం వల్ల ఆడలేకపోయాడు' అని రాసివ్వడానికి మన వ్యవస్థలో కాగితమే లేదు. ఆడినవాడు, ఆడనివాడు అని రెండే గళ్లు.

ఇక రెండో కాగితం. సివిల్ అసిస్టెంట్ సర్జన్ స్థాయికి తగ్గని వైద్యుడు సంతకం చేయాలని దరఖాస్తుల్లో రాస్తారు. ఓపీ ముందు వందమంది నిలబడి ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ డాక్టరు ఎత్తు, బరువు, రక్తపోటు, చూపు పరీక్షిస్తాడు. గుండె మీద స్టెతస్కోపు పెడతాడు. మోకాలిని వంచి, లాగి, స్నాయువు పట్టు చూసే తీరిక ఎక్కడిది? ఈసీజీ తీయించే నియమం ఎక్కడుంది? అది ఆ డాక్టరు తప్పు కాదు. ఆ కాగితం అడిగే ప్రశ్నే అంతవరకు. తొంభై నిమిషాలు పరుగెత్తి, ఎగిరి, ఢీకొని పడే ఆటకు ఈ శరీరం పనికొస్తుందా అని అది అడగదు. ఉద్యోగంలో చేరడానికి ఏ గుమాస్తాకైనా అడిగేదే అడుగుతుంది.

జట్టును ఆడించే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ల ఇబ్బంది ఇంకోటి. జట్టు గెలిస్తేనే కాలేజీలో ఆటకు డబ్బు. పదకొండు మందిలో మంచి ఆటగాళ్లు నలుగురుంటే ఒకణ్ని కూర్చోబెట్టడం ఎవరికైనా కష్టమే. కుర్రాడు తనే 'ఆడ్త సార్' అంటుంటే వద్దనడం ఇంకా కష్టం. ఇందులో విలన్ ఎవరూ లేరు. అందరికీ తలో కారణం ఉంది. అన్ని కారణాల బరువూ కలిసి ఒక్క మోకాలి మీదే పడుతోంది.

కుట్లతో ఆడిన ఫైనల్

హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడితే సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గరే మొదలుపెట్టాలి. బడిపంతులు. దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పిల్లల్ని ఆడించినవారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం... భారత ఫుట్‌బాల్‌కు ఇంతకు మించిన కాలం మళ్లీ రాలేదు.

జకార్తా కథను మనం ఇష్టంగా చెప్పుకుంటాం. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. జపాన్‌తో మ్యాచ్‌కు ఆగిపోయాడు. సెమీఫైనల్ నాటికి రహీం అతన్ని మళ్లీ దింపారు, అదీ డిఫెన్స్‌లో కాదు, సెంటర్ ఫార్వర్డ్‌గా. దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. 1962 సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టాడు. భారత్ 2-1తో గెలిచింది. జ్వరంతో ఉన్న పీటర్ తంగరాజ్ ఆ ఫైనల్లో గోల్‌పోస్టు కాశాడు. అప్పటికే జబ్బుపడిన రహీం మరుసటి ఏడాది జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆ జట్టుకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ కథను పిల్లలకు చెప్పేటప్పుడు సగం కోసి చెబుతున్నాం. ఆట మధ్యలో మనిషిని మార్చే వీలు పెద్ద పోటీల్లో అప్పటికి దాదాపు లేదు. తలకు దెబ్బ తగిలితే మెదడుకు ఏమవుతుందన్న విజ్ఞానం మైదానం దాకా రాలేదు. జర్నైల్ అప్పటికే పేరున్న ఆటగాడు, దేశం కోసం తెలిసి తీసుకున్న నిర్ణయం అది. కాలేజీ సీటు కోసం పదిహేడేళ్ల పిల్లవాడు భయంతో తీసుకునే నిర్ణయాన్ని దాని పక్కన పెట్టి 'చూడు, ఆయన కుట్లతో ఆడలేదా' అనడం న్యాయం కాదు.

అదే జట్టులో ఇంకో కథ ఉంది. దాన్ని తక్కువగా చెప్పుకుంటాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. రహీం కళ్లబడి పైకొచ్చినవాడు. 1956, 1960 ఒలింపిక్స్ రెండూ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం... ఆ ముగ్గురి పేర్లు కలిపే పలికేవారు. ఆటకు నిండుదనం వచ్చే వయసులో ఊపిరితిత్తుల పొరకు వాపు తెచ్చే ప్లూరసీ పట్టుకుంది. 27 ఏళ్లకే బూట్లు విప్పేశాడు. అప్పటికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు మారి ఉన్నాడు. ఆ రోజుల్లో రైల్వే జట్టంటే జెర్సీతో పాటు కొలువు కూడా. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో, 86 ఏళ్ల వయసులో ఆయన పోయారు. ఆట ఆగిపోయాక దాదాపు అరవై ఏళ్లు బతికారు.

అరవై ఏళ్లు! ఆటగాడి జీవితంలో ఆట ఎంత చిన్న భాగమో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఒక ఏడాది సర్టిఫికెట్ కోసం ఆ అరవై ఏళ్ల మోకాలిని తాకట్టు పెట్టమని పిల్లలకు ఎవరం చెప్పగలం?

పోలీసు, రైల్వే, బ్యాంకు, ప్రభుత్వ రంగ సంస్థల జట్లు నిండుగా ఉన్న కాలంలో కొలువే ఆటగాడికి బీమా. కాలు విరిగినా డెస్కు మీద పని దొరికేది. ఆ జట్లు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఊరు మారి ఢిల్లీ జట్టైపోయింది. మెట్లు తగ్గిపోయినకొద్దీ కాలేజీ సీటు అనే మెట్టు మీద పిల్లల ఆశంతా వచ్చి పడింది. అందుకే నొప్పి దాచడం ఇదివరకటి కంటే ఇప్పుడే ఎక్కువ ప్రమాదం.

గుండె చెప్పిన మాట.. కోర్టు దాకా

'ఆడొచ్చా, ఆడొద్దా' అన్న ప్రశ్న మన దేశంలో హైకోర్టు గడప కూడా తొక్కింది. పంజాబ్‌కు చెందిన అన్వర్ అలీ 2017లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో ఆడిన డిఫెండర్. 2019లో వైద్య పరీక్షల్లో అతని గుండె కండరం మందంగా ఉన్నట్టు తేలింది. వైద్యులు దాన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. దాదాపు 500 మందిలో ఒకరికి ఉండే ఈ లోపం చాలామందిని ఏ ఇబ్బందీ లేకుండా బతకనిస్తుంది. కొందరిని మాత్రం మైదానంలోనే పడేస్తుంది.

2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అతన్ని ఆడనివ్వొద్దంది. ఇరవై ఏళ్ల కుర్రాడు, ఇంటికి ఆధారం తనే. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. విదేశీ నిపుణుల అభిప్రాయాలూ వచ్చాయి. ఆడితే ప్రాణభయమని ఒకరు, జాగ్రత్తలతో ఆడొచ్చని మరొకరు. 2021లో మళ్లీ మైదానంలోకి వచ్చాడు. 2022 మార్చిలో జాతీయ జట్టు జెర్సీ వేసుకున్నాడు. ఇప్పుడు దేశంలో పేరున్న డిఫెండర్లలో ఒకడు.

ఈ కథ సుఖాంతమైంది కదా అని డాక్టర్లదే తప్పనుకోకూడదు. భయపడటానికి వాళ్లకు కారణం ఉంది. 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో గోల్ కొట్టిన క్షణానే డెంపో ఆటగాడు, బ్రెజిల్‌కు చెందిన క్రిస్టియానో జూనియర్ గోల్‌కీపర్‌ను ఢీకొని కుప్పకూలి మరణించాడు. 2012 మార్చిలో అదే నగరంలో ఒక లీగ్ మ్యాచ్‌లో ఆటగాడు పడిపోతే మైదానంలో అంబులెన్స్ లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణం దక్కలేదు. ఇవి చూసిన వైద్యుడు 'ఆడుకో' అని తేలిగ్గా ఎలా సంతకం చేస్తాడు?

అన్వర్ కథలో మనం పట్టుకోవాల్సింది వేరే ఉంది. అతనికి అండగా అకాడమీ ఉంది, లాయర్లున్నారు, పత్రికలున్నాయి. విదేశీ వైద్యుడి మాట తెప్పించుకోగలిగాడు. కార్వాన్ కుర్రాడికి వాటిలో ఏదీ లేదు. అతని విషయంలో నిర్ణయం ఒక్క నిమిషంలో, గ్రౌండ్ గట్టు మీద, నీళ్ల బాటిల్ అందిస్తూ జరిగిపోతుంది.

అమెరికా కాలేజీలు ఏం నేర్చుకున్నాయి?

కాలేజీ ఆటను ఒక పరిశ్రమగా మార్చిన దేశం అమెరికా. అక్కడ ఫుట్‌బాల్ అంటే వేరే ఆట, చేత్తో పట్టి ఢీకొనే ఆట. పెద్ద యూనివర్సిటీల జట్లలో స్కాలర్‌షిప్‌లు చాలాకాలం 85కి పరిమితం. హైస్కూల్లో ఉండగానే పిల్లలకు సీటు మాట ఇచ్చేస్తారు. మాటిచ్చాక పిల్లవాడి మోకాలు విరిగితే?

వాళ్లకూ జవాబు తేలిగ్గా దొరకలేదు. 1955లో కొలరాడోలోని ఒక కాలేజీ జట్టులో ఆడుతూ రే డెనిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య పరిహారం అడిగితే, అతను కాలేజీ ఉద్యోగి కాదు, ఆట కాలేజీ వ్యాపారం కాదు అని రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో కొట్టేసింది. 1973 నుంచి స్కాలర్‌షిప్‌ను ఏడాదికోసారి పొడిగించే పద్ధతి వచ్చింది. అంటే గాయపడినవాణ్ని మరుసటి ఏడాది వదిలించుకోవచ్చన్నమాట. నాలుగేళ్ల హామీ ఇచ్చే వీలు 2012 దాకా మళ్లీ రాలేదు. ఆట సరిగా లేదన్న కారణంతో, గాయం కారణంతో స్కాలర్‌షిప్ తీసేయకూడదని ఐదు అతిపెద్ద సమాఖ్యలు 2015లో నియమం పెట్టుకున్నాయి.

వాళ్ల దగ్గర ఇంకో పద్ధతి ఉంది. ఇక ఆడలేడని వైద్యులు తేల్చినవాడికి స్కాలర్‌షిప్ కొనసాగుతుంది, కానీ జట్టు లెక్కలోంచి తీసేస్తారు. చదువు అతనికి, ఖాళీ జట్టుకు. మంచి ఆలోచనే. అయితే బాగానే ఉన్న ఆటగాళ్లను కూడా ఈ జాబితాలోకి నెట్టి సీట్లు ఖాళీ చేయించుకుంటున్నారని కొన్ని పెద్ద జట్ల మీద విమర్శలొచ్చాయి. మంచి నియమానికి కూడా కాపలా కావాలని అది నేర్పింది. అందుకే ఆడించాలా వద్దా అన్న మాట డాక్టరుదో, ట్రైనరుదో గానీ కోచ్‌ది కాదని తర్వాత రాతపూర్వకంగా తేల్చుకున్నారు.

వీటన్నిటికంటే మనకు బాగా పనికొచ్చేది నికొలస్ నాప్ కేసు. ఇలినాయ్‌లోని హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాడు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ అతనికి సీటు, స్కాలర్‌షిప్ మాట ఇచ్చింది. 1994లో ఆడుతూ ఆడుతూ గుండె ఆగి పడిపోయాడు. బతికాడు. ఛాతీలో చిన్న పరికరం అమర్చారు. యూనివర్సిటీ ఏం చేసింది? మాటిచ్చిన స్కాలర్‌షిప్ ఇచ్చింది, ఆడటానికి మాత్రం ఒప్పుకోలేదు. 'నా ప్రాణం, నా ఇష్టం, ఆడనివ్వండి' అని అతను కోర్టుకెక్కాడు. కింది కోర్టు అతని వైపు చెప్పింది. 1996 నవంబర్‌లో అప్పీల్ కోర్టు యూనివర్సిటీదే సబబంది.

ఆడనివ్వాల్సిందా, వద్దా అన్నది నేటికీ వాదించుకోవచ్చు. ఆ యూనివర్సిటీ చేసిన పనిలో మాత్రం నాకు ఎంతో విలువైన సంగతి కనిపిస్తుంది. అది రెండు నిర్ణయాలను విడదీసింది. ఆట గురించి డాక్టరు చెప్పాడు. చదువు గురించి కాలేజీ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. ఒకదాని కోసం ఇంకోదాన్ని కోయలేదు.

మన వ్యాధికి మందు ఇందులోనే ఉంది. నొప్పి చెబితే సీటు పోతుందన్న భయం ఉన్నంతకాలం పిల్లవాడు డాక్టరుకు నిజం చెప్పడు. సీటు పోదని తెలిసిన రోజు, ఎక్కడ నొస్తోందో తనే వేలు పెట్టి చూపిస్తాడు.

వృత్తి ఫుట్‌బాల్‌లోనూ ఇదే బాట. ఆటగాడితో చేసుకున్న ఒప్పందం చెల్లుబాటును వైద్య పరీక్ష ఫలితానికి ముడిపెట్టకూడదని ఫిఫా నిబంధన స్పష్టంగా చెబుతుంది. పరీక్షలు చేయదలిస్తే సంతకానికి ముందే చేసుకోవాలి. సంతకం పెట్టాక మాట తప్పకూడదు. ఇటలీ 1982లోనే పోటీ క్రీడాకారులందరికీ ఈసీజీతో సహా పరీక్ష తప్పనిసరి చేసింది. వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల హఠాన్మరణాలు తర్వాతి రెండు దశాబ్దాల్లో 89 శాతం తగ్గాయని 2006లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. ఆ దేశమే ఛాతీలో పరికరం ఉన్న ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్‌ను తన లీగ్‌లో ఆడనివ్వలేదు. 2021 జూన్ 12న యూరో కప్‌లో కుప్పకూలిన అతను, ఇటలీ క్లబ్బు వదిలి 2022లో ఇంగ్లండ్‌లో మళ్లీ ఆడాడు. ఒకే గుండెకు రెండు దేశాలు రెండు జవాబులు చెప్పాయి. ఆ నిర్ణయం ఎంత కష్టమో, గ్రౌండ్ గట్టు మీద తేల్చేది ఎందుకు కాదో దీన్నిబట్టే తెలుస్తుంది.

తొమ్మిది నెలల ఓపిక

మళ్లీ మన కుర్రాడి మోకాలి దగ్గరికి వద్దాం. ఎగిరి దిగినప్పుడు 'టప్'మన్న చప్పుడు, గంటల్లోనే వాపు, మోకాలు జారిపోతున్నట్టు అనిపించడం... ఇవి ఏసీఎల్ అనే స్నాయువు తెగిందనడానికి గుర్తులు కావచ్చు. తొడ ఎముకను, కాలి ఎముకను పట్టి ఉంచే తాడు అది. ఎక్స్‌రేలో కనిపించదు. అనుభవమున్న డాక్టరు చేత్తో లాగి చూసి పసిగడతాడు, ఎమ్మారై తేలుస్తుంది. అమ్మాయిలకు ఈ గాయం అబ్బాయిల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మన దగ్గర ఆడపిల్లల జట్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఇది మరీ గుర్తుంచుకోవాల్సిన మాట.

పేటల్లో మొదటి మజిలీ పహిల్వాన్ కట్టు. రాయలసీమ వైపు పుత్తూరు కట్టు ఎంతో, ఇక్కడ పహిల్వాన్ కట్టు అంత. తక్కువ ఖర్చు, తెలిసిన మనిషి, నమ్మకం. వాళ్లను చులకన చేయాల్సిన పని లేదు, పెద్దాసుపత్రి గుమ్మం ఎక్కలేని వాళ్లకు శతాబ్దాలుగా దిక్కయ్యారు. కానీ లోపల తెగిన స్నాయువు పై కట్టుతో అతుక్కోదు. వాపు తగ్గుతుంది, నడక వస్తుంది, నయమైందనుకుంటాడు. మళ్లీ బంతి తంతాడు. ఈసారి మోకాలి మధ్యనున్న మృదువైన మెత్త నలుగుతుంది. అది నలిగితే ముప్పై ఏళ్లకే మెట్లెక్కడం కష్టమయ్యే రోజు రావొచ్చు.

ఆపరేషన్ అయ్యాక ఆటకు తొందరపడితే ఏమవుతుందో నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చూశారు. 2016లో వాళ్లు చెప్పింది ఇదీ: తొమ్మిది నెలలు నిండేదాకా, ఆటకు తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే ముప్పు దాదాపు సగం తగ్గుతూ వచ్చింది. తొమ్మిది నెలలంటే కాలేజీ కుర్రాడికి ఒక సీజన్. ఆ సీజన్ పోయినా సీటు పోదని హామీ ఇవ్వగలిగితే ఆ మోకాలు నిలుస్తుంది.

గాయం రాకుండా చూడటానికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు. ఫిఫా వైద్యులు రూపొందించిన 'ఎలెవెన్ ప్లస్' అనే వార్మప్ ఇరవై నిమిషాల పని. పరుగు, నడుం కండరాలకు బలం, ఒంటికాలి మీద నిలకడ, సరిగా దిగడం. పరికరాలేవీ వద్దు. నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల అమ్మాయిల మీద చేసిన అధ్యయనంలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మట్టి నేలా, గచ్చు నేలా అని చూడకుండా ఆడే మన పిల్లలకు ఇది ఇంకా అవసరం. ఏ పీడీ సారైనా రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఉన్నవాటిని అందుకోవడం

సాయం అసలే లేదనడం సరికాదు. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయల భత్యం అందుతోంది. వాళ్లకు బీమా ఉంది. పేదరికంలో, గాయంతో ఉన్న క్రీడాకారుల కోసం కేంద్రం 1982లోనే ఒక జాతీయ సంక్షేమ నిధిని పెట్టింది. ఇప్పుడది పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో ఉంది. అయితే ఇవన్నీ పైమెట్టు మీద ఉన్నవాళ్లకు చేరినంతగా జిల్లా జట్టులో, కాలేజీ జట్టులో ఆడే పిల్లవాడికి చేరవు. గాయాలు మాత్రం పైమెట్టు వరకూ ఆగవు. కింది మెట్టు మీదే, ఫిజియో లేని చోటే ఎక్కువగా తగులుతాయి.

కాబట్టి అడగాల్సింది నాలుగే మాటలు. ఆటతో సీటు ఇచ్చే ప్రతి కాలేజీ, గాయమైనా కోర్సు పూర్తయ్యేదాకా ఆ సీటూ ఫీజు మినహాయింపూ తీసేయబోమని ప్రవేశపత్రంలోనే రాసివ్వాలి. టోర్నమెంటుకు ఎంపికై గాయంతో ఆడలేకపోయినవాడికి ఆ ఎంపికను గుర్తించే సర్టిఫికెట్ ఇవ్వాలి. 'ఆడొచ్చు' అన్న మాట జట్టుతో సంబంధం లేని డాక్టరు చెప్పాలి, మోకాలు, గుండె చూశాకే చెప్పాలి. కాలేజీ జట్టులో ఆడే ప్రతి పిల్లవాడికీ ఆటగాయాల బీమా కాలేజీయే కట్టాలి. ఒక జట్టులో ఇరవై మంది. ఒక కళాశాల వార్షికోత్సవ ఖర్చులో ఇదెంత?

తల్లిదండ్రులకు, పిల్లలకు..

• దెబ్బ తగిలాక గంటల్లోనే మోకాలు వాచినా, కాలు జారుతున్నట్టున్నా ఎక్స్‌రేలో ఏమీ లేదన్న మాటతో ఆగకండి. ఎముకల డాక్టరుకు చూపించండి.
• తలకు దెబ్బ తగిలి వాంతి, మగత, తికమక కనిపిస్తే ఆ రోజు ఆట అక్కడితో ఆపాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
• ఆడుతూ స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పండి. ఈసీజీ, ఎకో అడగండి.
• సీటు ఇచ్చేటప్పుడే 'గాయమైతే ఏమిటి?' అని కాలేజీని అడగండి. జవాబు రాతలో తీసుకోండి.
• నొప్పి తగ్గించే మాత్ర వేసుకుని మ్యాచ్ ఆడొద్దు. నొప్పి ఒంటి మాట. దాని నోరు నొక్కి ఆడితే దెబ్బ పెద్దదవుతుంది.

ఒక గది చాలు

కార్వాన్‌కు అట్టే దూరం లేని గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. సుమారు 26 ఎకరాల్లో 2,000 పడకలని ప్రకటించారు. ఆసుపత్రి రావాల్సిందే, పాత భవనం కింద పేదలు పడిన అవస్థ ఈ నగరమంతటికీ తెలుసు. కానీ అది లేస్తున్నది ఒక మైదానంలో. పోలీసులు కవాతు చేసిన, చుట్టుపక్కల జనం నడిచిన, పిల్లలు ఆడుకున్న మైదానంలో. ఆట స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చిన ఈ పేటల పిల్లలకు ఆ ఆసుపత్రిలో ఒక హక్కు ఉంది.

ఆ 2,000 పడకల మధ్య క్రీడాగాయాలకు ఒక విభాగం పెట్టండి. మోకాలు తెలిసిన ఒక డాక్టరు, ఇద్దరు ఫిజియోలు, ఒక ఈసీజీ యంత్రం, వారానికి రెండు సాయంత్రాలు. పాతబస్తీలో ఏ జట్టు పిల్లలైనా డబ్బు లేకుండా వచ్చి చూపించుకునే చోటు. అక్కడి డాక్టరు 'ఆగు' అని రాస్తే ఏ కాలేజీ ఆ పిల్లవాడి సీటు ముట్టుకోకూడదని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇవ్వాలి. అది వచ్చిన రోజు కార్వాన్ కుర్రాడు 'ఏం గాలేదన్నా' అనడు. 'నొస్తుందన్నా, చూపించుకొనొస్త' అంటాడు. ఆ మాట చెప్పగలిగే ధైర్యం అతనికి ఇవ్వడం మన పని.